ఆకాశమునకు విడిభాగములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



సూరారమునకు విమానపు మ్రోత క్రొత్త కాదు. సమీపమునగల దుండిగల్లులో వైమానికదళ విద్యాలయమునకు 1967 అక్టోబరు 11వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టరు జాకిర్ హుసేను శంకుస్థాపన గావించిరి. 1971లో అచ్చట శిక్షణ ప్రారంభమయ్యెను. అర్ధశతాబ్దమునకు పైగా ఈ ప్రాంతపు బాలురు చదువుచున్న పుస్తకముపై వ్రేలుంచి, ఒకసారి తల పైకెత్తి చూచి, మరల చదువుకొనుటకు అలవాటుపడినారు. అయితే ఎగురు విమానమును చూచినవారు వేలమందియైనను, అట్టి యంత్రములలోని ఒక మరనో, ఒక రేకునో తయారుచేసినవాడు తమ ప్రక్క వీధిలోనే కాపురమున్నాడని ఎరిగినవారు తక్కువ. ఉదయమున టిఫిను డబ్బా సంచిలో వేసికొని జీడిమెట్ల, బాలానగరు కార్ఖానాలకు పోవువారిలో అట్టివారు కలరు. ఈ ఉపన్యాసము వారి పనిని గూర్చినది.

హైదరాబాదున విమానములకు పుట్టినిల్లు బేగంపేట అని చెప్పుదురు. నిజాము ప్రభుత్వమును టాటా సంస్థయు కలిసి 1945లో స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేసు అచ్చటనుండియే విమానములను నడపెను. 1953లో అది జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయెను. కాని బండిని తోలుట వేరు, బండిని చేయుట వేరు. చేయు విద్యకు ఇచ్చటి పుట్టినిల్లు బాలానగరు. సోవియట్ దేశపు మిగ్-21 విమానములను భారతదేశముననే నిర్మింపవలెనని 1960 దశకమున నిర్ణయించినపుడు ఆ పనిని మూడు తావులకు పంచిరి. శరీరము నాసికులో, ఇంజను ఒరిస్సాలోని కోరాపుటులో, విమానమునకు కన్నును చెవియునగు ఎలక్ట్రానిక్ పరికరములు హైదరాబాదులో. ఆ విధముగా 1965లో బాలానగరునందు హిందూస్థాన్ ఏరోనాటిక్సు వారి కర్మాగారము వెలసెను. మిగ్-21 విమానములకు వైమానికదళము 2025 సెప్టెంబరు 26న వీడ్కోలు పలికినది. వాటి కొరకు పుట్టిన కర్మాగారము మాత్రము నేటికిని పని చేయుచున్నది.

నగరమునకు దక్షిణపు కొసన వేరొక కుదురు ఏర్పడెను. క్షిపణులను రూపొందించు డి.ఆర్.డి.ఎల్. పరిశోధనాలయము 1962లో ఢిల్లీనుండి హైదరాబాదునకు వచ్చినది. ఆ మరుసటి యేడు లోహ పరిశోధనాలయము, 1970లో భారత్ డైనమిక్సు, 1973లో మిశ్రధాతు నిగమము కంచన్‌బాగు పరిసరములలో ఒకదాని వెంట ఒకటి వెలసినవి. మిశ్రధాతు నిగమము పేరు పెక్కుమంది వినియుండరు. టైటానియమును, మహాతాపమునకు ఓర్చుకొను నికెలు మిశ్రమములను, రాకెట్ల తొడుగులకు వలయు ప్రత్యేకపు ఉక్కును కరగించి పోయు మూస అది. 1982లో డి.ఆర్.డి.ఎల్. సంచాలకులుగా వచ్చిన అబ్దుల్ కలాము గారి కాలమున, 1983లో, క్షిపణుల సమగ్ర ప్రణాళిక మొదలైనది. 1988లో పృథ్వి, 1989లో అగ్ని తొలిసారి ఎగిరినవి. నడుమ 1987లో ఏడు సంపన్న దేశములు కూడబలుకుకొని, క్షిపణులకు ఉపకరించు వస్తువులను పరిజ్ఞానమును ఇతర దేశములకు పోనీయరాదని కట్టడి చేసికొనినవి. కొనదలచిన వస్తువు దొరకకపోయెను. దొరకని వస్తువును ఎవరో ఒకరు ఇచ్చటనే చేయవలసి వచ్చెను. ఆ 'ఎవరో ఒకరు' అనువారి వెదకులాటలో ప్రయోగశాలల ఇంజనీర్లు బాలానగరు, జీడిమెట్ల, కూకట్‌పల్లి షెడ్ల గడపలు త్రొక్కిరి.

అట్టి షెడ్లలో మొదట పుట్టినవానిలో ఎం.టి.ఎ.ఆర్. ఒకటి. 1970లో ముగ్గురు కూడి బాలానగరున దానిని నెలకొల్పిరి. యంత్ర పనిముట్లకు ఉపకరణములు సమకూర్చుట, పాత యంత్రములను బాగుచేయుట అను అర్థమే దాని పొడుగుపాటి ఇంగ్లీషు పేరులో ఇమిడియున్నది. చిల్లులు పడిన యంత్రమును విప్పి, అరిగిన భాగమును కొలిచి, అట్టిదే మరియొకటి చేసి బిగించుట అను పనిలో ఎంత చదువున్నదో చదువుకొన్నవారు తరచు గుర్తింపరు. ఒకరు చేసిన వస్తువు ఎందుకట్లు చేయబడినదో తెలిసికొనుటకు దానిని మరమ్మతు చేయుటకంటె మంచి పాఠశాల లేదు. ఆ సంస్థ పిమ్మట అణువిద్యుత్ కేంద్రముల యంత్రభాగములను, అంతరిక్ష సంస్థవారి వికాస్ ఇంజనులను తయారుచేయుటకు ఎదిగినది. పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు రెండవ అంచెను నడపునది వికాస్ ఇంజనే. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసికొనిపోయిన రాకెట్టు నడిమి అంచెలో ఆ జాతి ఇంజనులే రెండు మండినవి.

ఇట్టి పనులకు చేతులు ఎచ్చటనుండి వచ్చినవి? 1968లో బాలానగరున కేంద్రప్రభుత్వము స్థాపించిన టూల్ డిజైను సంస్థను ఇచ్చట పేర్కొనక తప్పదు. పదవ తరగతి ప్యాసైన పిల్లవానికి నాలుగేండ్ల డిప్లొమాలో డ్రాయింగు గీయుటయు, ఆ గీసినదానిని తన చేతితోనే లోహమున చెక్కుటయు అచ్చట నేర్పుదురు. ఇంజనీరింగు కళాశాలలు ఈ చుట్టుపట్ల లెక్కకు మిక్కిలిగా పెరిగినవి. కాని పది కార్ఖానాల యజమానులను విచారించినచో తమకు పట్టభద్రులకంటె ఇట్టి చేతిపనివారే కొరతగా నున్నారని చెప్పుదురు. బిడ్డల చదువు గూర్చి ఆలోచించు తలిదండ్రులు దీనిని గమనింపవచ్చును.

విమానపు పని ఇతర పనులకంటె ఎందుకు వేరైనదో తెలియుటకు ఒక వృత్తాంతము చాలును. 1990 జూన్ 10వ తేదీన ఇంగ్లాండులోని బర్మింగ్‌హామునుండి స్పెయిను దేశపు మలాగాకు ఒక విమానము బయలుదేరినది. పదునేడువేల అడుగుల ఎత్తు దాటిన వేళ పైలట్ల యెదుటి అద్దము ఒక్కసారిగా ఊడి ఎగిరిపోయెను. లోపలి గాలి వడితో కెప్టెను నడుమువరకు కిటికీ బయటికి లాగబడెను. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకొని యుండగా, సహపైలటు ఆ గాలిహోరులో విమానమును సౌతాంప్టనులో దింపెను. కెప్టెను బ్రతికి బయటపడి, కొన్ని మాసములకు మరల విమానము నడపెను. విచారణలో తేలినది ఇంతే. అంతకుముందు రోజు వేకువకు పూర్వము ఆ అద్దమును మార్చిన పనివాడు పాత బోల్టులను చూచి, వానితో పోల్చుకొని, అరనుండి క్రొత్తవి తీసెను. తొంబది బోల్టులలో ఎనుబదినాలుగు ఉండవలసిన లావుకంటె అంగుళమున వేయింట ఇరువదియారు పాళ్లు, అనగా ఒక మిల్లీమీటరులో రమారమి మూడింట రెండు పాళ్లు, సన్నము. ఆయన అనుభవము లేనివాడు కాడు. కంటితో సరిపోల్చెను, పట్టికలోని సంఖ్య చూడలేదు.

ఎడ్లబండి ఇరుసునకు ఆ మాత్రపు తేడా లెక్కలోనిది కాదు. వడ్రంగి ఒక గుడ్డపేలిక చుట్టి సరిచేయును. విమానమున ఆ తేడా ఒక మనిషిని కిటికీగుండ బయటికి లాగినది. అందుచేత ఈ పరిశ్రమలో వస్తువుకంటె ముందు కొలత పుట్టును. డ్రాయింగు మీద మైక్రానులలో వ్రాసి యుండును. మిల్లీమీటరును వేయి పాళ్లు చేసినచో ఒక పాలు మైక్రాను. తలవెండ్రుక లావు రమారమి డెబ్బది మైక్రానులు. పది మైక్రానుల లోపల నిలువవలసిన రంధ్రమనగా, వెండ్రుకను నిలువున ఏడు పాళ్లుగా చీల్చి అందొక పాలు కంటె తప్పరాదని అర్థము.

ఇంత సన్నని కొలతకు మొదటి శత్రువు ఎండ. అల్యూమినియము మీటరు పొడవునకు ఒక్కొక్క డిగ్రీ వేడిమికి ఇరువదిమూడు మైక్రానులు పెరుగును. లోకమంతటను కొలతలకు ప్రమాణముగా గ్రహించిన వేడిమి 20 డిగ్రీలు. వైశాఖమాసపు మధ్యాహ్నము రేకులషెడ్డులో 42 డిగ్రీలున్నపుడు, మీటరు పొడవు బద్దను కొలిచి సరిగానున్నదని పంపినచో, అది చల్లని గదిలో అర మిల్లీమీటరు కురచయై కూర్చుండును. అందుచేతనే రేకుల కప్పు క్రింద చెమటోడ్చు షెడ్డులో సైతము కొలతల గది ఒకటి అద్దముల తలుపులతో, రాత్రింబగళ్లు చల్లగా నుంచబడుచుండును. మనిషికి లేని ఏసీ లోహమునకేమి అని కొందరు హాస్యమాడుదురు. ఆ హాస్యములో కొంత న్యాయము లేకపోలేదు.

రెండవది లోహపు స్వభావము. ఇనుమును లేతుపై త్రిప్పినవాడు టైటానియమును చూచి తేలికనుకొని మోసపోవును. ఉక్కుకంటె ఎంతో తేలికైనదే, బలమునకు తీసిపోదు. కాని వేడిని తనగుండ పోనీయదు. కోయుచున్నపుడు పుట్టిన వేడియంతయు టూలు మొననే పట్టుకొని యుండును. వేగము పెంచినచో మొన మాడిపోవును. మరీ తగ్గించినచో లోహము రాపిడికి గట్టిపడి టూలును తినివేయును. చల్లదనమునకు పోయు ద్రవము ఎంత ధారగా, ఏ కోణమున పడవలెనో కూడ నేర్వవలసిన విద్య. అల్యూమినియపు పనిలో వేరొక వింత కలదు. రెక్కల లోపలి పక్కటెముకల వంటి భాగములను ముక్కలతో అతుకక, ఒకే దిమ్మనుండి తొలిచి తీయుదురు. కొన్నిటిలో నూటికి తొంబది పాళ్ల లోహము పొట్టుగా రాలిపోయి, పది పాళ్లే విమానమెక్కును. ఆ పొట్టును తూచి, మూటకట్టి, మరల కరగించుటకు పంపుట ఒక చిన్న వ్యాపారము.

మూడవది కాగితము. ఇది ఈ ప్రాంతపు రైతులకు తేలికగా బోధపడును. పొలమునకు పహాణీ ఎట్టిదో విమానపు లోహమునకు చరిత్రపత్రము అట్టిది. ఏ కొలిమిలో, ఏ పోతలో పుట్టినది, అందేయే ధాతువులు ఎంతెంత పాళ్లు, ఎవరు కోసిరి, ఏ యంత్రముపై, ఏ టూలుతో, ఎవరు కొలిచిరి అనునదంతయు భాగము వెంట నడచును. ఇరువదియేండ్ల పిమ్మట ఎచ్చటనో ఒక విమానమున పగులు కనబడినచో, ఆ సంఖ్యను పట్టుకొని జీడిమెట్లలోని లేతు దగ్గరకు రాగలుగుదురు. పహాణీలో ఒక గడి తప్పినచో రైతు ఎన్నియేండ్లు కచేరి చుట్టు తిరుగునో ఎరిగినవారికి, ఇచ్చట కాగితము లేని వస్తువును, అది ఎంత చక్కనిదైనను, తుక్కులో వేయుదురనిన ఆశ్చర్యము కలుగదు. ఏ.ఎస్. 9100 అను నాణ్యతా ప్రమాణపత్రము గోడమీద వ్రేలాడని కార్ఖానాకు పెద్ద సంస్థలవారు సాధారణముగా పని ఈయరు. ఆ పత్రము నిజమునకు యంత్రములకు కాదు, అలవాట్లకు ఇచ్చునది.

ఇక ఇటీవలి విస్తరణము. 2005లో రక్షణశాఖ కొనుగోళ్లలో ఒక నియమము చేరినది. మూడువందల కోట్ల రూపాయలకు మించిన సరుకు అమ్మిన విదేశీసంస్థ, ఆ విలువలో నూటికి ముప్పది పాళ్లకు తగిన పనిని భారతదేశమునకు ఈయవలెనని. 2016లో ఆ హద్దును రెండువేల కోట్లకు పెంచిరి. ఈ నియమమునకు తోడు ఇచ్చటి కూలి చౌక, అరువది యేండ్లుగా ప్రోగుపడిన నైపుణ్యము అక్కరకు వచ్చినవి. ఇబ్రహీంపట్నము దారిలోని ఆదిభట్లయందు టాటావారి షెడ్లు లేచినవి. సికోర్‌స్కీ హెలికాప్టరుల క్యాబినులు 2010లో అచ్చటినుండి పోసాగినవి. లాక్‌హీడ్ వారితో కలిసి సి-130 రవాణా విమానముల తోకభాగములు, బోయింగువారితో కలిసి అపాచీ హెలికాప్టరు శరీరములు చేయుచున్నారు. అపాచీ కర్మాగారము 2018లో తెరువబడినది. 2025 నాటికి మూడువందల శరీరములు అచ్చటనుండి వెడలినవి. బోయింగు 737 విమానపు నిలువు తోక కూడ 2023నుండి ఆదిభట్లలో తయారగుచున్నది. 2025 జూన్‌లో ఫ్రాన్సు దేశపు దాసో సంస్థ రఫేలు విమాన శరీరములను హైదరాబాదులో చేయించుటకు టాటాలతో ఒప్పందము చేసికొన్నది. ఆ ఏడు నవంబరులో శంషాబాదు చెంత సఫ్రాన్ వారి ఇంజను మరమ్మతు కేంద్రము ప్రారంభమైనది. ఉత్తరపు దిక్కున, సిద్దిపేట జిల్లా తునికి బొల్లారములో ఆజాద్ ఇంజనీరింగు వారు టర్బైను రేకుల కార్ఖానాలను విస్తరించుచున్నారు. ఈ రేకు అరచేయి అంతదైనను సామాన్యమైనది కాదు. ఇంజనులోని అత్యంత తప్తస్థానమున దానిని చుట్టుముట్టు వాయువు, ఆ లోహము కరగు వేడిమిని మించియుండును. లోపల సన్నని దారులుంచి చల్లని గాలిని ప్రసరింపజేయుటచే కరగక తిరుగును.

ఈ జాబితాను విని కొందరు ఉప్పొంగిపోవుదురు; మరికొందరు పెదవి విరుతురు. విరుచువారి వాదము ఇది. కంసాలి దగ్గరకు షావుకారు బంగారము తెచ్చి, నమూనా తెచ్చి నగ చేయించుకొనిపోవును. కంసాలికి దక్కునది మజూరీ. ఆదిభట్లలోని హెలికాప్టరు పటము అమెరికాది, విమానపు పటము ఫ్రాన్సుది. హైదరాబాదునకు దక్కునది మజూరీ మాత్రమే కదా. ఈ మాటలో సత్యము కలదు, కాని సగమే. మజూరీకి చేసి చేసి, నగ గుట్టు తెలిసి, తన నమూనా తాను గీసికొన్న కంసాలులు కూడ కలరు. అంతరిక్ష సంస్థలో పనిచేసి బయటికి వచ్చిన పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాకా అను ఇరువురు యువకులు 2018లో హైదరాబాదున స్కైరూట్ సంస్థను స్థాపించిరి. 2022 నవంబరు 18న వారి విక్రమ్-ఎస్ రాకెట్టు శ్రీహరికోటనుండి ఎగిరి 89.5 కిలోమీటర్ల ఎత్తు చేరెను. భారతదేశమున ప్రైవేటువారు రూపొందించి ఎగురవేసిన తొలి రాకెట్టు అదియే. ఎనిమిది దినములకే హైదరాబాదు ధ్రువ స్పేసువారి రెండు చిట్టి ఉపగ్రహములు పి.ఎస్.ఎల్.వి. మీద కక్ష్య చేరినవి. 2025 మే 30న వెమ్ టెక్నాలజీసువారు తేజస్ యుద్ధవిమానపు నడిమి శరీరమును తొలిసారిగా చేసి అప్పగించిరి; ఆ విమానపు పటము బెంగుళూరుది. తన పటమనునది ఒక్కనాట రాదు. నలుబది యేండ్లు ఇతరుల పటములను మైక్రాను తప్పక చెక్కిన వీధులున్న నగరముననే అది పుట్టుట యాదృచ్ఛికమని చెప్పుట కష్టము.

పెదవి విరువవలసిన తావు వేరొకటి కలదు. అది పటముది కాదు, షెడ్డుది. ఐదు దిక్కుల కదలి కోయు యంత్రము ఒక్కటి కోట్ల రూపాయల వెల. చిన్న కార్ఖానాదారు ఇల్లు తాకట్టుపెట్టి దానిని తెచ్చును. తొలి నమూనా చేసి, కొలతలన్నియు వ్రాసి, కొనువాని ఆమోదము పొందుటకు మాసములు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. అంతవరకు బ్యాంకు వాయిదా ఆగదు. ఆమోదము దొరికిన పిమ్మట సైతము, ఏడు సముద్రముల ఆవల తుమ్మినచో ఇచ్చట జలుబు చేయును. 2019 మార్చిలో బోయింగు 737 మ్యాక్సు విమానములను లోకమంతటను నేలకు దింపిరి. అవి తేరుకొనక మునుపే 2020లో కరోనా వచ్చి ఆకాశము శూన్యమయ్యెను. విమానములు ఎగురనిచోట విడిభాగములతో పని లేదు. అట్టివేళ షెడ్డులో మొదట సెలవు పొందునది కాంట్రాక్టు పనివాడు. ఐదేండ్లు మైక్రానుతో మెలగిన చేయి ఆటో హ్యాండిలు పట్టుకొనును. రెండేండ్ల తరువాత ఆర్డర్లు వెల్లువెత్తినపుడు యజమాని ఆ చేతికొరకు వెదకును, దొరకదు. క్రొత్తవానిని మొదటినుండి దిద్దవలెను. ఈ నష్టము ఏ లెక్కలపుస్తకమునను ఎక్కదు. కొలతలగదికి ఏడాది పొడవున చల్లదనము కాపాడు పరిశ్రమ, ఆ కొలతను నేర్చిన మనిషిని పని తగ్గిన రోజులలో కాపాడుకొను మార్గము కనుగొనవలసియున్నది.

సూరారపు వృద్ధులకు పరిశ్రమ అనగానే జీడిమెట్ల రసాయనపు వాసనయు, చెరువులలో రంగుమారిన నీరును స్ఫురించుట సహజము. లోహమును కోయు కార్ఖానాలు అంతటి కాలుష్యమును కలిగింపవు. అయినను వాడిన కోతనూనెలను, చల్లార్చు ద్రవములను కాలువపాలు చేయక సరియైన చోటికి పంపవలసిన బాధ్యత వానికిని కలదు. గ్రామస్థులు దానిని అడుగుట తప్పు కాదు. పొలములు పోయి కాలనీలైనవి. 2007లో ఈ ప్రాంతము మహానగరపాలికలో కలిసినది. ఆ పొలముల వారి మనుమలు కార్ఖానాలలో గేటు కాపలాదారులుగా నిలుతురా, కొలతలగదిలో కూర్చుందురా అనునది ఇంకను తేలలేదు.

ఈ విషయమున గ్రంథాలయమునకు ఒక పని కలదు. ఈ వృత్తికి కావలసిన మూలవిద్యలు మూడు: ఇంజనీరింగు డ్రాయింగు చదువుట, త్రికోణమితి, కొలతల పరికరములు. ఈ మూడును పదవ తరగతి గణితము వచ్చినవానికి అందుబాటులోనివే. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి శాస్త్రవిషయములపై తెలుగున పాఠ్యగ్రంథములను, పదకోశములను ప్రచురించినది. అట్టివానిని బీరువాలో ఒక అరకు చేర్చవచ్చును. పారిశ్రామిక శిక్షణసంస్థల టర్నరు, ఫిట్టరు, మెషినిస్టు పాఠ్యపుస్తకములు వెల తక్కువ. వాటి ప్రక్క ఒక వెర్నియరు, ఒక మైక్రోమీటరు ఉంచినచో పుస్తకములోని బొమ్మ చేతిలోనికి వచ్చును. రెండును కలిపి ఒక చిన్న సైకిలు వెలను మించవు. కార్ఖానాలనుండి పనికిరాక తీసివేసిన నమూనా భాగములను యజమానుల అనుమతితో తెచ్చి బల్లపై నుంచినచో, తప్పు ఎచ్చట జరిగినదో కనిపెట్టుట పిల్లలకు ఆటగా నుండును.

ఒక చిక్కు మాత్రము కలదు. పుస్తకము అవసరమైన యువకులలో పెక్కుమంది రెండవ షిఫ్టువారు. వారు ఇల్లు చేరు రాత్రివేళకు ఏ గ్రంథాలయపు తలుపులును తెరచియుండవు. ఆదివారము ఉదయము గాని, వారి షిఫ్టు మొదలగుటకు ముందు పగటివేళ గాని రెండు గంటలు వారికై కేటాయించుట సాధ్యమా అని కార్యవర్గమువారు ఆలోచింపగలరు. తాళపుచెవి ఎవరి వద్ద నుండవలెనను ప్రశ్న ఎట్లును వచ్చును. మొదట దానినే తేల్చుకొనుట మంచిది.